అడ్మిషన్ల ఆఫీసులో ఉద్యోగమా? చేరేముందు ఒక్కమాట

ఆవకాయ జాడీలు అటకెక్కే రోజులూ, పిల్లల సీట్ల కోసం తల్లిదండ్రులు కాళ్ళరిగేలా తిరిగే రోజులూ మన ఇళ్ళల్లో ఒకేసారి వస్తాయి. మే నెల సగం దాటిందంటే చాలు, మనింట్లో ఇంటర్ రాసిన పిల్లలున్నారని ఎలా తెలుస్తుందో గానీ ఫోను మోగడం మొదలవుతుంది. "అమ్మా, మీ బాబుకి ఏ బ్రాంచి అనుకుంటున్నారు?" అని అవతల ఒక ఆడగొంతు. మనం పోపు మాడిపోతోందని విసుక్కుని పెట్టేస్తాం. ఆ గొంతు ఎవరిది, ఆవిడ చేసే ఉద్యోగం ఏమిటి అని ఎప్పుడూ ఆలోచించం. ఈ వారం నాకు వచ్చిన ఒక ఉత్తరం ఆ ఆలోచన తెప్పించింది.

ఉత్తరం రాసిన సోదరిది కోస్తాలో ఒక చిన్న పట్టణం. వయసు నలభై రెండు. పెళ్ళికి ముందే బి.కాం. పాసయ్యారు. భర్త వ్యాపారం ఈ మధ్య సరిగ్గా సాగడం లేదు. వేణ్నీళ్ళకు చన్నీళ్ళు తోడన్నట్టు తానూ ఏదైనా చెయ్యాలనుకున్నారు. తెలిసినవారి ద్వారా దగ్గర్లోని ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో 'అడ్మిషన్స్ కౌన్సెలర్' ఉద్యోగం ఇస్తామన్నారు. జీతం తక్కువే గానీ, చేర్పించిన ఒక్కో విద్యార్థికి ఇంత అని విడిగా ముట్టజెబుతారట. మాట్లాడటానికి వెళ్ళిన రోజునే ఒక తెల్లకాగితం చేతికిచ్చి, "మీ చుట్టాల్లో, మీ వీధిలో ఇంటర్ చదివే పిల్లల పేర్లూ నంబర్లూ రాయండమ్మా" అన్నారట. ఈవిడకి మొదట గుర్తొచ్చిన పేరు సొంత అక్కయ్య కొడుకుదే! "వాడు నన్ను పిన్నీ అని పిలుస్తాడండీ. రేపు 'ఆ కాలేజీ మంచిదేనా పిన్నీ' అని అడిగితే నేను ఏ నోటితో చెప్పాలి?" అని రాశారు. పైగా ఉద్యోగం చూపించిన పెద్దమనిషి "బయోడేటాలో రెండేళ్ళ అనుభవం ఉన్నట్టు రాసెయ్యండి, ఎవరు చూడొచ్చారు?" అని సలహా కూడా ఇచ్చారట.

ఆవిడ ప్రశ్నలు రెండు. ఈ ఉద్యోగంలో పైకెళ్ళే దారి ఉందా, లేక ఎప్పటికీ ఫోన్లు చేసుకుంటూ కూర్చోవడమేనా? ఇది మర్యాదగా చేసుకోదగ్గ పనేనా? రెండూ మంచి ప్రశ్నలే. ఒక్కొక్కటే చూద్దాం.

ఇది చిన్న ఉద్యోగమేం కాదు

అడ్మిషన్ల పనిని ఒక వృత్తిగా తీర్చిదిద్దినవాళ్ళలో అమెరికావాళ్ళు ముందున్నారు. అక్కడి కాలేజీల రిజిస్ట్రార్లకూ అడ్మిషన్ల అధికారులకూ 1910 నుంచే ఒక సంఘం ఉంది. అడ్మిషన్ల కౌన్సెలర్ల సంఘం 1937లో ఏర్పడింది. 1970ల మొదట్లో బోస్టన్ కాలేజీ అనే విశ్వవిద్యాలయం డబ్బుకి చాలా ఇబ్బంది పడింది. 1971లో అక్కడ అడ్మిషన్ల డీన్‌గా వచ్చినాయన జాక్ మాగ్వైర్. ఆయన చదువుకున్నది ఫిజిక్సు! సీట్లు ఎందుకు నిండటం లేదన్న ప్రశ్నని లెక్కల మనిషిలాగే చూశారు. ప్రవేశాలు ఒక గదిలో, స్కాలర్‌షిప్పులు ఇంకో గదిలో, రికార్డులు మరో గదిలో ఎవరికి వారుగా ఉంటే లాభం లేదనీ, ఒక విద్యార్థి విచారించడానికి వచ్చిన రోజునుంచీ పట్టా పుచ్చుకునే రోజుదాకా అంతా ఒకే పనిగా చూడాలనీ ఆయన వాదన. 1976లో దాన్ని ఒక వ్యాసంగా రాశారు. 'ఎన్‌రోల్‌మెంట్ మేనేజ్‌మెంట్' అన్న మాట వాడుకలోకి వచ్చింది ఆ రోజుల్లోనే.

పేరు పెద్దదే గానీ, లెక్క మనకు తెలియనిదేం కాదు. పెళ్ళికి వెయ్యి శుభలేఖలు పంచుతాం. వాళ్ళలో ఎంతమంది వస్తారు, ఎంతమంది విస్తరి ముందు కూర్చుంటారు, ఎన్ని కిలోల బియ్యం పొయ్యాలి అని వంటవాడితో లెక్క చూసుకోమూ? ఇదీ అంతే. ఒక కాలేజీకి వెయ్యి దరఖాస్తులొచ్చాయనుకోండి. నాలుగువందల మందికి సీటిస్తామన్నారు. చివరికి చేరినవాళ్ళు వందమంది. అంటే నలుగురికి చెబితే ఒకరొచ్చారు. మిగతా ముగ్గురూ ఎందుకు రాలేదు? ఫీజు ఎక్కువనా, హాస్టల్ బాగాలేదనా, బస్సు సదుపాయం లేదనా? అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇంకోటుంది. చేరిన వందమందిలో రెండో సంవత్సరానికి మిగిలింది ఎంతమంది? సగం భోజనంలో అతిథులు లేచి వెళ్ళిపోతే ఆ తప్పు పిలిచినవాళ్ళది కాదు, వంటదీ వడ్డనదీ. సీట్లు నింపడం ఎవరైనా చేస్తారు. చేరినవాళ్ళు ఎందుకు నిలబడుతున్నారో, ఎందుకు వెళ్ళిపోతున్నారో యాజమాన్యానికి చెప్పగలిగిన మనిషే నాయకత్వానికి పనికొస్తుంది.

అమెరికాలో ఈ మెట్లు స్పష్టంగా ఉంటాయి. మొదట కౌన్సెలర్, తర్వాత అసిస్టెంట్ డైరెక్టర్, అసోసియేట్ డైరెక్టర్, డైరెక్టర్, ఆ పైన డీన్ లేదా వైస్ ప్రెసిడెంట్. ఒక సంగతి మాత్రం చెప్పాలి. అక్కడ కూడా కింది మెట్ల మీద ఆడవాళ్ళే ఎక్కువ. పైకి వెళ్ళేకొద్దీ వాళ్ళ సంఖ్య తగ్గిపోతుంది. ఓపికగా మాట్లాడే పని మనకిచ్చి, లెక్కలు చూసే పని మగవాళ్ళకివ్వడం అన్ని దేశాల్లోనూ ఉన్న అలవాటే కాబోలు!

మన దగ్గర ఎక్కడున్నాయి ఈ ఉద్యోగాలు?

మన రాష్ట్రాల్లో ఇంజనీరింగ్ సీట్లకి 1986లో ఎంసెట్ మొదలైంది. దాని పేరు ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి, తెలంగాణలో 2024 నుంచి ఈఏపీసెట్‌గా మారింది. మామూలుగా ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం సీట్లు ర్యాంకుని బట్టి కన్వీనరే నింపుతారు. మిగతా 30 శాతం యాజమాన్య కోటా. తెలంగాణలో డిగ్రీ సీట్లు కూడా 2016 నుంచి 'దోస్త్' ద్వారా ఇంటర్నెట్‌లోనే ఇస్తున్నారు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో అడ్మిషన్ల డైరెక్టర్‌గా సాధారణంగా ప్రొఫెసర్లనే వేస్తారు. కనుక బయటినుంచి వచ్చే మనలాంటివాళ్ళకి ఉద్యోగాలు దొరికేది ఎక్కువగా ప్రైవేటు కాలేజీల్లో, ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో, విదేశీ చదువుల కన్సల్టెన్సీల్లో.

చేరడానికి ఒక డిగ్రీ చాలు. పైకి రావడానికి మాత్రం మరో మూడు కావాలి. కంప్యూటర్‌లో ఎక్సెల్ పట్టికలు చెయ్యడం రావాలి. ప్రవేశాల నిబంధనలు ఏ ఏడుకాయేడు చదువుకోవాలి. తెలుగుతో పాటు ఇంగ్లీషులోనో హిందీలోనో జంకు లేకుండా మాట్లాడగలగాలి. ఇంట్లో కూర్చుని చదువుకుంటామంటే ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో విద్యా నిర్వహణ మీద పి.జి. డిప్లొమా ఉంది. ఆ ఏడాది ప్రకటన చూసుకుని దరఖాస్తు చేసుకోండి.

నేనిచ్చే చిట్కా మరొకటుంది. పాలలెక్క, చాకలిలెక్క రాసుకునే మనకి ఇది కష్టం కాదు. మొదటి సీజను నుంచే సొంతంగా ఒక నోటుబుక్కు పెట్టండి. ఎంతమంది ఫోను చేశారు, ఎంతమంది వచ్చి చూశారు, ఎంతమంది చేరారు, చేరనివాళ్ళు ఏం కారణం చెప్పారు, దసరా సెలవులకి వెళ్ళి తిరిగిరానివాళ్ళు ఎవరు అని రాస్తూ పొండి. రెండేళ్ళ తర్వాత ఆ నోటుబుక్కు పట్టుకుని ప్రిన్సిపాల్ గారి ముందు కూర్చుని "హాస్టల్ భోజనం బాగుచెయ్యకపోతే వచ్చే ఏడు ఆడపిల్లలు చేరరండీ" అని లెక్కతో సహా చెప్పగలిగితే, ఆ రోజునుంచి మీరు ఫోన్లు చేసే అమ్మాయి కాదు.

తలకింత అన్నచోటే తంటా

ఇక రెండో ప్రశ్న. మర్యాదైన పనేనా? పని మర్యాదైనదే. పద్ధెనిమిదేళ్ళ పిల్లకి తన భవిష్యత్తు మీద నాలుగు మంచి మాటలు చెప్పడంకన్నా గౌరవమైన పని ఏముంటుంది? తంటా అంతా డబ్బిచ్చే పద్ధతిలో ఉంది. తలకింత అని లెక్కగట్టిన క్షణం నుంచీ ఆ పిల్ల మేలూ మీ మేలూ వేరైపోతాయి. "నీకిది సరిపడదమ్మా, వేరే చోట చూసుకో" అన్న మాట చెప్పిన ప్రతిసారీ మీ పర్సులోంచి డబ్బు పోతుంది. ఎంత మంచి మనిషైనా ఎన్నాళ్ళు చెబుతుంది?

ఇది నా చాదస్తం కాదు. వ్యాపారానికి పెట్టింది పేరైన అమెరికాలోనే, ప్రభుత్వ విద్యాసహాయం అందుకునే కాలేజీలు విద్యార్థుల్ని చేర్పించినందుకు తలకింత చొప్పున కమిషన్ ఇవ్వకూడదని 1992లో చట్టం చేశారు. మధ్యలో కొన్ని సడలింపులిచ్చి, అవి పక్కదారి పడుతున్నాయని 2010లో మళ్ళీ బిగించారు. అయితే ఆ చట్టంలో ఒక కిటికీ తెరిచే ఉంది. ఆ సహాయానికి అర్హత లేని విదేశీ పిల్లల్ని వాళ్ళ దేశాల్లోనే వెతికి చేర్పిస్తే కమిషన్ ఇవ్వచ్చు. 1937లో పుట్టిందని చెప్పానే, ఆ కౌన్సెలర్ల సంఘం కూడా చాలా చర్చ జరిగాక 2013లో ఇందుకు ఒప్పుకుంది. ఆ కిటికీ తెరుచుకునేది మన ఊళ్ళవైపే. కొన్ని కన్సల్టెన్సీలు "మా దగ్గర సలహాకి పైసా అక్కర్లేదు" అంటాయి. చాలాచోట్ల వాళ్ళకి డబ్బిచ్చేది అవతలి యూనివర్సిటీ. అది తప్పని కాదు. ఎవరి డబ్బు తింటున్నారో తెలిసి సలహా వినడం మన బాధ్యత.

ఈ తలలెక్క ఎంతదూరం పోతుందో తెలుగువాళ్ళం కళ్ళారా చూశాం. కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీని 2011 జనవరిలో అక్కడి ప్రభుత్వం మూయించింది. క్లాసులకి వెళ్ళే పని లేకుండా వీసా కాగితాలు అమ్ముతోందని కేసు. విద్యార్థుల్లో అత్యధికులు మనదేశం వాళ్ళు, వాళ్ళలో చాలామంది అప్పటి ఆంధ్రప్రదేశ్ పిల్లలు. కొందరి కాళ్ళకి రేడియో పట్టీలు కట్టారని పేపర్లో చదివి ఎన్ని ఇళ్ళల్లో తల్లులు ఏడ్చారో! దాన్ని నడిపిన ఆవిడకి 2014లో పదహారేళ్ళకు పైగా జైలుశిక్ష పడింది. మనం గుర్తుపెట్టుకోవలసింది ఇంకోటి. కొత్తవాళ్ళని తెచ్చిన విద్యార్థికి వాళ్ళ ఫీజులో వాటా ఇచ్చే పద్ధతి అక్కడ ఉండేది. అంటే స్నేహితుణ్ణి స్నేహితుడే తీసుకొచ్చాడన్నమాట.

2019లో మళ్ళీ అలాంటిదే. మిచిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అసలు యూనివర్సిటీయే కాదు, అక్రమంగా ఉంటున్నవాళ్ళని పట్టుకోవడానికి అమెరికా అధికారులే పెట్టిన ఉత్తుత్తి సంస్థ! తొలివిడతలో అరెస్టయిన 130 మందిలో 129 మంది భారతీయులు. విద్యార్థుల్ని చేర్పించి డబ్బు పుచ్చుకున్నారని ఎనిమిదిమంది మీద కేసు పెట్టారు. వాళ్ళలో తెలుగు కుర్రాళ్ళున్నారు, జైళ్ళకీ వెళ్ళారు. వాళ్ళూ మొదట ఒక కాగితం మీద తమకు తెలిసినవాళ్ళ పేర్లే రాసుకుని ఉంటారు కదూ?

అందుకే ఆ సోదరి చేతికిచ్చిన తెల్లకాగితం నాకు భయం కలిగించింది. కాలేజీకి కావలసింది ఆవిడ బి.కాం. కాదు. ఇరవయ్యేళ్ళుగా పేరంటాలకి వెళ్ళి, పురుళ్ళకి సాయంపట్టి, ఆవిడ సంపాదించుకున్న నమ్మకం. అది ఒక్కసారి అమ్ముకుంటే మళ్ళీ కొనుక్కునేది కాదు.

చేరేముందు అడగవలసినవి

కాబట్టి ఉద్యోగం వద్దనను. ఈ నాలుగూ అడిగి చేరమంటాను.

ఒకటి, నెలజీతం ఎంత? ఎంతమంది చేరినా, చేరకపోయినా అదే జీతమా? బాగా పనిచేస్తే ఏడాది చివర అందరికీ ఇచ్చే బోనసు వేరు, తలకింత అన్న బేరం వేరు. రెండోదానికి "వద్దండీ" అనండి.

రెండు, మొత్తం ఫీజు అచ్చువేసిన కాగితం ఉందా? ట్యూషన్, హాస్టల్, బస్సు, పరీక్ష ఫీజు అన్నీ అందులో ఉన్నాయా? ప్రతి రూపాయికీ రసీదు ఇస్తారా? సీటుకి విడిగా డొనేషన్ పుచ్చుకోవడాన్ని మన రాష్ట్రంలో 1983 చట్టమే నిషేధించింది. రసీదు లేని డబ్బుని మీ చేతుల మీదుగా తీసుకోమంటే, రేపు ఇరుక్కునేది మీరే.

మూడు, పిల్లల ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏం చేస్తారు? మా మరిదిగారబ్బాయికి ఒక కాలేజీలో చేరాక ఇంకోచోట మంచి సీటొచ్చింది. సర్టిఫికెట్లు ఇవ్వమంటే మూడుసార్లు తిప్పారు. బల్ల వెనక కూర్చున్న కౌన్సెలరమ్మ పాపం కళ్ళెత్తి మా మొహం చూడలేకపోయింది. ఆవిడ పరిస్థితి మీకు రాకూడదు. 2018లో యూజీసీ ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం ఒరిజినల్స్ చూసి వెంటనే తిరిగిచ్చెయ్యాలి, దగ్గర ఉంచుకోకూడదు. ఫీజు వాపసు లెక్క కూడా అందులోనే చెప్పారు. ప్రవేశాల చివరితేదీకి 15 రోజులు, అంతకన్నా ముందే మానుకుంటే మొత్తం తిరిగివ్వాలి, ఖర్చులకింద 5 శాతం లోపు, అదీ 5,000 రూపాయలు మించకుండా పట్టుకోవచ్చు. 15 రోజుల లోపయితే 90 శాతం, చివరితేదీ దాటిన 15 రోజుల వరకూ 80 శాతం, ఆ తర్వాత 30వ రోజు వరకూ సగం ఇవ్వాలి. అదీ దాటితే ఇవ్వక్కర్లేదు. కొన్నేళ్ళు దీన్ని సడలించి కొత్త గడువులూ ఇచ్చారు. ఆ ఏడాది ఉత్తర్వు చూసి చెప్పడం మీ పని.

నాలుగు, "ఈ కోర్సు మీ అమ్మాయికి నప్పదు" అని నేను చెప్పవచ్చా? ఈ ప్రశ్నకి యాజమాన్యం నవ్వి "చెప్పండి, అలా చెబితేనే మన మాటకి విలువ" అంటే ఆ కాలేజీలో కళ్ళుమూసుకుని చేరండి. మొహం చిట్లిస్తే మీ జవాబు మీకు దొరికినట్టే.

ఉద్యోగం అక్కర్లేని తల్లులకి కూడా ఈ నాలుగు ప్రశ్నలూ పనికొస్తాయి. మీ పిల్ల సీటు కోసం వెళ్ళినప్పుడు బల్లకి ఇవతలివైపు కూర్చుని ఇవే అడగండి.

బయోడేటా సంగతి

అనుభవం ఉన్నట్టు రాయమన్నారన్నారు. వద్దు. ఎం.ఐ.టి. అని అమెరికాలో పేరుమోసిన విద్యాసంస్థ ఉంది. అక్కడ మారిలీ జోన్స్ అనే ఆవిడ 1979లో చేరి, అంచెలంచెలుగా అడ్మిషన్ల డీన్ అయ్యారు. పిల్లల మీద ఇంత ఒత్తిడి పెట్టకండని దేశమంతా తిరిగి చెప్పి మంచిపేరు తెచ్చుకున్నారు. 2007 ఏప్రిల్‌లో రాజీనామా చెయ్యాల్సి వచ్చింది. ఎప్పుడో చేరినప్పుడు లేని డిగ్రీలు ఉన్నట్టు రాసిన సంగతి బయటపడింది. ఇరవయ్యెనిమిదేళ్ళ మంచి పని ఆ ఒక్క వాక్యంతో మసకబారింది. పిల్లల కాగితాలు నిజమో కాదో చూసే కుర్చీ అది. ఆ కుర్చీలో కూర్చునేవాళ్ళ కాగితం ముందు నిజమై ఉండాలి.

మీ బయోడేటాలో ఉన్నదే రాయండి. బి.కాం., తెలుగు ఇంగ్లీషు వచ్చు, ఇరవయ్యేళ్ళుగా ఇంటి జమాఖర్చు చూశాను, పిల్లల చదువులు చూసుకున్నాను. ఇందులో సిగ్గుపడాల్సిందేముంది? తర్వాత యాజమాన్యంతో ఒక్కమాట చెప్పండి. "మా చుట్టాల జాబితా ఇవ్వలేనండీ. కాలేజీకి వచ్చిన కుటుంబాలకి ఓపిగ్గా అన్నీ వివరించే బల్ల నాకివ్వండి, జీతం మీద చేస్తాను." ఒప్పుకుంటే చేరండి. ఒప్పుకోకపోతే ఆ తెల్లకాగితం తెల్లగానే తిరిగిచ్చి వచ్చెయ్యండి. సీజను ఏటా వస్తుంది, కాలేజీలు ఇంకా ఉన్నాయి.

మీ అక్కయ్యగారబ్బాయి అడిగినప్పుడు మాత్రం పిన్నిగానే చెప్పండి. ఆ పిలుపుకన్నా పెద్ద ఉద్యోగం ఏ కాలేజీ ఇవ్వలేదు.

ఏం నిర్ణయించుకున్నారో రాస్తారు కదూ? మిగతా సోదరీమణులు కూడా అడ్మిషన్ల వేళ ఎదురైన అనుభవాలు రాసి పంపండి. వచ్చేవారం మరో ఉత్తరంతో కలుద్దాం.